సముద్రం అడుగున శరణార్థుల తెప్ప: లాంజరోటేలో మ్యూజియో అట్లాంటికో డైవ్, నా రివ్యూ

మ్యూజియో అట్లాంటికోకి అయిదుకి నాలుగు ఇస్తున్నాను. నన్ను అక్కడికి తీసుకెళ్ళిన డైవింగ్ సెంటర్‌కి రెండున్నర. రెంటికీ కలిపి ఒకే మార్కు వేస్తే మ్యూజియానికి అన్యాయం జరుగుతుంది. వెళ్ళేముందు నేను చదివిన రివ్యూలు చాలావరకు అలా కలిపేసినవే. డైవ్ సూపర్, గైడ్ ఫ్రెండ్లీ, ఫోటోలు అదిరాయి. ఆ ఫోటోల్లో వెనకాల కనిపించేది శరణార్థుల పడవ అని సగం మందికి పట్టినట్టు కూడా లేదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. లాంజరోటే కెనరీ దీవుల్లో ఒకటి. పేరుకి స్పెయిన్‌దే గానీ ఆఫ్రికా తీరం అక్కడి నుంచి సుమారు 130 కిలోమీటర్లే. దీవికి దక్షిణం కొసన ప్లాయా బ్లాంకా అనే ఊరి పక్క, లాస్ కొలరాదాస్ ఒడ్డుకి దగ్గర్లో, 12 నుంచి 14 మీటర్ల లోతున ఇసక నేల మీద మూడొందలకు పైగా మనిషి ప్రమాణం బొమ్మలు నిలబెట్టారు. చేసినది జేసన్ డికెయిర్స్ టేలర్ అనే బ్రిటిష్ శిల్పి. అంతకుముందు గ్రెనడాలో, మెక్సికోలోని కాన్‌కూన్‌లో ఇలాంటివే చేశాడు. ఇక్కడ మొదటి బొమ్మలు 2016లో నీళ్ళలోకి దిగాయి, మొత్తం పూర్తయింది 2017 మొదట్లో. చాలా బొమ్మలకి అచ్చులు ఇచ్చింది దీవిలో ఉండే మామూలు మనుషులే. ఒళ్ళంతా పూత పూయించుకుని, ముక్కు దగ్గర గాలికి దారి వదిలి, అది గట్టిపడేదాకా కదలకుండా కూర్చుంటే తయారైన ముఖాలు అవి.

నేను డబ్లిన్‌లో ఉంటాను, మాది విశాఖ. ఫిబ్రవరిలో పిల్లల మిడ్‌టర్మ్ సెలవులకి ఐర్లండ్‌లో సగం మంది లాంజరోటేకే ఎగురుతారు, అంత మామూలు ట్రిప్ అది. ఐరిష్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి. మనకి మాత్రం ఐర్లండ్‌లో ఎన్నేళ్ళున్నా, జేబులో రెసిడెన్స్ కార్డు ఉన్నా, స్పెయిన్ వెళ్ళాలంటే షెంగెన్ వీసా కావాల్సిందే. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద యూకేలో ఉండే మనవాళ్ళదీ ఇదే కథ. అపాయింట్‌మెంట్ స్లాట్ కోసం తెల్లవారుజామున లేచి పేజీ రిఫ్రెష్ చేయడం, ఆర్నెల్ల బ్యాంక్ స్టేట్‌మెంట్లు, హోటల్ బుకింగు, ఇన్సూరెన్సు, ఆఫీసు నుంచి ‘ఇతను తిరిగొస్తాడు’ అన్న లెటరు. ఫైల్ అందించి బయటికొచ్చాక నవ్వొచ్చింది. సరిహద్దులు దాటలేక మునిగిపోయినవాళ్ళ బొమ్మలు చూడటానికి ఇన్ని కాగితాలా అని. నాది టెన్షన్ మాత్రమే, ప్రాణం మీదికి వచ్చిన సంగతి కాదు. ఆ తేడా నాకు తెలుసు. అయినా వరసలో నిలబడ్డ అనుభవం ఉన్నవాడు ఆ తెప్పని చూసే చూపు కొంచెం వేరుగానే ఉంటుందని అనుకుంటున్నాను.

ఇక సెంటర్ సంగతి. ఈ మ్యూజియంలో సొంతంగా దిగడానికి లేదు, అనుమతి ఉన్న డైవింగ్ సెంటర్‌తోనే వెళ్ళాలి. నేను ఎంచుకున్న సెంటర్ పేరు రాయను. గేరు శుభ్రంగా ఉంది, ట్యాంకులు బాగున్నాయి, వెట్‌సూట్ కూడా సరైన సైజే ఇచ్చారు. ఫిబ్రవరిలో నీళ్ళు 18, 19 డిగ్రీలు ఉంటాయి కాబట్టి అయిదు మిల్లీమీటర్ల సూట్ తప్పనిసరి, హుడ్ ఇస్తే కాదనకండి. మరీనా రూబికాన్ నుంచి పడవలో దగ్గరే. ఇంతవరకు ఏ లోటూ లేదు.

లోటు బ్రీఫింగ్‌లో మొదలైంది. గైడ్ ఒక ప్లాస్టిక్ మ్యాప్ తీసి, ఎటు నుంచి ఎటు వెళ్తామో, ట్యాంకులో గాలి ఎంత మిగిలాక వేలు చూపించాలో చెప్పాడు. అది అవసరమే. తర్వాత ఫోటోల సంగతికి వచ్చాడు. సెల్ఫీ తీసుకుంటున్న జంట బొమ్మ పక్కన ఎలా నిలబడాలి, గోడ గుమ్మంలోంచి ఈదేటప్పుడు కెమెరా ఏ వైపు ఉంటుంది, తెప్ప దగ్గర ఎవరి తర్వాత ఎవరు. తెప్ప దేని గురించో ఒక్క మాట లేదు. నేనే అడిగాను, “లాంపెడూసా అంటే ఏంటో వీళ్ళకి చెప్పరా?” అని. ఆయన నవ్వి, “మీరంతా సెలవుల మీద వచ్చారు కదా, మూడ్ పాడుచేయడం ఎందుకు” అన్నాడు. మంచి మనిషే, మాటలో వెటకారం లేదు. రోజూ అదే డైవ్ చేయించేవాడికి అది అలా తయారైపోయి ఉంటుంది. కానీ టికెట్ మీద మ్యూజియం అని రాసి, లోపల ఏముందో చెప్పకపోతే ఎలా? మామూలు మ్యూజియంలో బొమ్మ పక్కన ఒక చీటీ ఉంటుంది. నీళ్ళలో చీటీ చదివే వీలుండదు కాబట్టి పడవ మీద చెప్పే ఆ పది నిమిషాలే చీటీ.

అందుకని ఆ చీటీ నేను రాస్తున్నాను.

తెప్ప పేరు ‘లాంపెడూసా తెప్ప’. గాలి నింపిన రబ్బరు బోటు ఆకారం, అందులో పదమూడు మంది. లాంపెడూసా ఇటలీకి చెందిన చిన్న దీవి, మధ్యధరా సముద్రంలో ఉంది. 2013 అక్టోబరు 3న లిబియా నుంచి వచ్చిన పడవ ఆ దీవికి కాస్త దూరంలో నిప్పంటుకుని మునిగిపోయింది, 360 మందికి పైగా పోయారు. బొమ్మ పేరులో సగం అక్కడిది. మిగతా సగం ప్యారిస్‌లోని లూవ్ర్‌లో వేలాడుతున్న పెద్ద పెయింటింగ్‌ది. థియోడోర్ జెరికో 1819లో పూర్తి చేసిన ‘మెడ్యూసా తెప్ప’. వెడల్పు ఏడు మీటర్లు, ఎత్తు దాదాపు అయిదు. 1816లో మెడ్యూసా అనే ఫ్రెంచి యుద్ధనౌక ఇసక మేటకు తట్టుకుని కూరుకుపోయింది. ఆఫీసర్లు లైఫ్‌బోట్లు ఎక్కేశారు. చోటు చాలని 147 మందిని కొయ్యలు కట్టిన తెప్ప మీద వదిలేసి, లాక్కుపోతామన్న తాడు తెగ్గొట్టుకుని పోయారు. పదమూడు రోజుల తర్వాత ఇంకో ఓడ కంటపడేనాటికి ప్రాణాలతో ఉన్నది పదిహేను మంది. ఫ్రాన్స్‌లో ప్రభుత్వమే సిగ్గుపడాల్సి వచ్చిన గొడవ అది. అర్హత లేనివాణ్ణి పలుకుబడి చూసి కెప్టెన్ చేయడం వల్లే ఇదంతా అని తేలింది.

ఆ ఓడ కూరుకుపోయింది ఎక్కడో తెలుసా? పశ్చిమ ఆఫ్రికాలోని మారిటేనియా తీరం దగ్గర. ఈ రోజు కెనరీ దీవులకి బయల్దేరే పడవల్లో చాలావాటికి రేవు అదే తీరం. లాంపెడూసా అన్న పేరు చూసి ఇది ఎక్కడో మధ్యధరా కథ అనుకుంటాం గానీ, పాత పెయింటింగ్‌లోని సముద్రం, ఈ బొమ్మ పడుకున్న సముద్రం ఒకటే. కాస్త దక్షిణానికి వెళ్తే చాలు. శిల్పి ఇది ఆలోచించే పెట్టాడో లేదో గానీ, నాకు ఆ మ్యూజియం మొత్తంలో బాగా తగిలింది ఇదే.

నీళ్ళలో దాన్ని చూడటం ఎలా ఉంటుందంటే, ముందు ఆకారం కనపడదు. విజిబిలిటీ ఆ రోజు మరీ గొప్పగా లేదు, నీలంలోంచి ఏదో ముదురు ముద్దలాగా వస్తుంది. దగ్గరికి వెళ్ళేకొద్దీ భుజాలు, తలలు విడివడతాయి. కొందరు రబ్బరు అంచు మీద కూర్చున్నారు, ఒకరిద్దరు వాలిపోయి ఉన్నారు. ఇందులో ఒకరికి అచ్చు ఇచ్చినాయన పశ్చిమ సహారా మనిషి, పదమూడేళ్ళప్పుడు నిజంగానే ఇలాంటి పడవలో లాంజరోటే చేరినవాడు. ముఖాలు ఇప్పుడు కొత్తలో తీసిన ఫోటోల్లో ఉన్నట్టు తెల్లగా, నున్నగా లేవు. కనురెప్పల మీద పాచి, మెడ ఒంపుల్లో స్పాంజిలు, ఒకరి ఒళ్ళో ముళ్ళ సీ అర్చిన్. కొన్ని ముఖాల్లో ముక్కూ నోరూ కలిసిపోయాయి. అలా అవ్వడమే దీనికి బలం. కొత్తగా ఉన్నప్పటి ఫోటోలు చూస్తే నాకు కొంచెం షోకేసు బొమ్మల్లా అనిపించేవి, బాధని అందంగా ఏర్చి పెట్టినట్టు. సముద్రం ఆ అందాన్ని తినేసింది. వీళ్ళు ఫలానా అని పోల్చుకునే వీలు పోతుంటే, మునిగిపోయి పేరు కూడా దొరకనివాళ్ళ సంగతే గుర్తొచ్చింది.

మా గ్రూపుకి ఫోటోలతో కలిపి అక్కడ దొరికిన సమయం బొత్తిగా చాలలేదు. నా ముందు ఒకాయన బోటు అంచు పట్టుకుని, ఖాళీగా ఉన్న చోట తనూ కూర్చున్నట్టు పోజు పెట్టాడు. గాలి పీల్చుకునే రెగ్యులేటర్ నోట్లో ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఏదో ఒకటి అనేసేవాణ్ణి. పైకి వచ్చాక అనలేదు. ఆయన తప్పు కూడా సగమే, అలా కూర్చోవచ్చని బ్రీఫింగ్‌లో చెప్పారు మరి.

దానికి కొద్ది దూరంలోనే చిన్న పిల్లలు రేకు పడవల్లో కూర్చున్న బొమ్మలున్నాయి, ‘లోస్ హొలాతేరోస్’. దీవి ముఖ్యపట్నం అర్రెసీఫేలో పిల్లలు పాత డ్రమ్ముల రేకు వంచి పడవలు చేసుకుని ఆడుకునే అలవాటు ఉంది, దాని మీద చేసినవి. పిల్లల ఆట పడవ, పెద్దల చావు పడవ ఒకే ఇసక మీద. గైడ్ ఇక్కడ ఆగనే లేదు. నేను వెనకబడి చూస్తుంటే ట్యాంకు మీద టంగ్ టంగ్ మని కొట్టి పిలిచాడు.

నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. అందరూ పొగిడే గోడ, ‘రూబికాన్ దాటడం’. ముప్ఫై మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల ఎత్తు, మధ్యలో ఒక గుమ్మం, దాని వైపు నడుస్తున్న ముప్ఫై అయిదు మంది. కొందరు ఫోన్లలో తల దూర్చి ఉంటారు. సముద్రంలో గోడ కడితే ఏం లాభం, పైనుంచీ పక్కనుంచీ ఈదుకుంటూ పోవచ్చు కదా అన్నది అందులోని చమత్కారం. బాగుంది, ఒకసారి అర్థమైపోతుంది, అంతే. ఎడిటోరియల్ పేజీ కార్టూన్‌కి సరిపోయే ఆలోచనని వంద టన్నుల సిమెంటుతో చెప్పాడు. సెల్ఫీ జంట, పార్కులో ఉయ్యాలలూగే కోటు బాబులు కూడా అదే బాపతు. మనకి బుద్ధి చెప్పాలన్న ఆత్రం కనిపిస్తుంది. తెప్పలో ఆ ఆత్రం లేదు.

అయితే ఆ గోడ మొదట్లోనే నాకు ఆ రోజుకల్లా గొప్ప సంగతి కనపడింది. ఇసకలో ఏదో గీత కదిలినట్టయింది. ఏంజెల్ షార్క్. చదునుగా, చాపలా, ఇసక రంగులోనే ఉండి ఒంటి మీద ఇసక కప్పుకుని పడుకుంటుంది. ఒకప్పుడు యూరప్ తీరాలంతటా ఉండేది, నేలని గోకుకుంటూ పోయే ట్రాల్ వలల వల్ల చాలాచోట్ల తుడిచిపెట్టుకుపోయింది. అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో ఉంది. కెనరీ దీవులే దానికి మిగిలిన గట్టి చోటు. చలికాలంలో లోతు తక్కువ నీళ్ళలోకి వస్తుంది కాబట్టి ఫిబ్రవరిలో వెళ్తే కనపడే అవకాశం ఎక్కువ. మా గుంపులో ఒకరు కాళ్ళకి తొడుక్కున్న ఫిన్స్ ఆడిస్తూ దాని మీదుగా ఇసక లేపుకుంటూ పోయారు. అది కదల్లేదు.

బొమ్మలు పెట్టడం వల్ల సముద్రానికి మేలా కీడా అని నన్ను చాలామంది అడిగారు. ఖాళీ ఇసక మీద గట్టిగా అంటుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి పాచికి, స్పాంజికి, గుడ్లు పెట్టే చేపకి ఇవి చోటు ఇస్తాయి. వాడింది పీహెచ్ న్యూట్రల్ సిమెంటు, మామూలు సిమెంటుకి ఉండే ఘాటు దీనికి లేదు. డైవర్లని సహజమైన రాతి నేలల నుంచి కొంత పక్కకి లాగుతుందన్నది ఇంకో వాదన. చేపల గుంపులు చూశాను, ఒక ఆక్టోపస్, బొమ్మల పైన వెండి తెరలా సార్డీన్లు. చివర్లో ‘మానవ సుడి’ అని రెండొందలకి పైగా ఒళ్ళు గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టిన బొమ్మ ఉంది. అది ఇప్పుడు సగం మనుషులు, సగం గుట్ట. జనం అలసిపోయి చివర్లో చూస్తారు గానీ తెప్ప తర్వాత నాకు అదే నచ్చింది. ఉష్ణమండలంలోలాగా రంగురంగుల పగడాలు మాత్రం ఆశించకండి, ఇక్కడి నీళ్ళు అలాంటివి కావు. అంతా బూడిద రంగు, గోధుమ రంగు, అక్కడక్కడా నారింజ.

సెంటర్ మీద నా కోపానికి అసలు కారణం ఇంకోటి ఉంది. ఇది దూరపు దేశాల కథ అన్నట్టు వదిలేయడానికి లాంజరోటేకి హక్కు లేదు. కెనరీలకి మొదటి వలస పడవ 1994లో పక్కనే ఉన్న ఫ్యుయెర్తెవెంతురాకి వచ్చింది, ఇద్దరు సహ్రావీ (పశ్చిమ సహారా) కుర్రాళ్ళతో. 2024 ఒక్క ఏడాదిలో ఈ దీవులకి పడవల మీద వచ్చినవాళ్ళు 46,800 మందికి పైగా. 2009లో లాంజరోటే తూర్పు ఒడ్డున లోస్ కొకొతేరోస్ దగ్గర, నేల ఇరవై మీటర్లు ఉందనగా పడవ తిరగబడి పాతిక మంది పోయారు, వాళ్ళలో ఎక్కువమంది పిల్లలు. 2020 నవంబరులో ఉత్తరాన ఓర్జోలాలో ఇంకో పడవ రాళ్ళకి కొట్టుకుంటే ఊళ్ళోవాళ్ళే చీకట్లో నీళ్ళలోకి దిగి మనుషుల్ని లాగారు. అసలు కెనరీ జనమే పడవల మీద పారిపోయినవాళ్ళు. స్పెయిన్ నియంత ఫ్రాంకో కాలంలో, 1940ల చివర, 50ల మొదట్లో, ఆకలికీ పోలీసులకీ భయపడి చిన్న చిన్న తెరచాప పడవల్లో దొంగచాటుగా అట్లాంటిక్ దాటి వెనిజులా చేరారు. ఇంత కథ ఇంట్లో పెట్టుకుని పర్యాటకుడి మూడ్ పాడవుతుందని దాచడం ఏం న్యాయం?

మా నానమ్మ 1942లో బర్మాలోని రంగం (రంగూన్) నుంచి వచ్చినావిడ. జపాను బాంబులు పడుతుంటే ఎనిమిదేళ్ళ పిల్లగా ఓడ డెక్కు మీద వచ్చింది. తర్వాత బతుకంతా విశాఖలో, బర్మా క్యాంపులో. ఎప్పుడడిగినా ఓడ గురించి చెప్పేది ఒక్కటే: మంచినీళ్ళ పీపా దగ్గర ఒక మనిషి కర్ర పట్టుకుని కూర్చునేవాడని. బాంబుల గురించి గానీ, వదిలేసిన ఇంటి గురించి గానీ మాట్లాడేది కాదు. తెప్పలోని పదమూడు మంది మధ్య నేను వెతికింది ఆ పీపా కోసమే. లేదు. ఏ వస్తువూ లేదు, డబ్బాలు గానీ, మూటలు గానీ నా కంటికి కనపడలేదు, అన్నీ ఒళ్ళే. శిల్పం మీద నాకున్న ఒకే ఒక పెద్ద ఫిర్యాదు ఇది. పారిపోయేవాళ్ళ దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. జెరికో పెయింటింగ్‌లో కూడా పీపాలున్నాయి.

వెళ్ళేవాళ్ళకి కొన్ని మాటలు. డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ సరిపోతుంది, కానీ నీళ్ళలో నిలకడగా తేలడం వచ్చాకే వెళ్ళండి. అక్కడ కాలు ఇసకకి తగిలితే మీ వెనక వచ్చేవాడికి ఏమీ కనపడదు. సర్టిఫికెట్ లేనివాళ్ళని కూడా ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకుని దింపుతారు, అలా దిగితే మీ ధ్యాసంతా చెవుల నొప్పి మీదే ఉంటుంది. బుక్ చేసేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: గైడ్‌కి ఎంతమంది, మ్యూజియం టికెట్ రేటులో కలిసిందా, తెప్ప దగ్గర ఎంతసేపు ఆగుతారు. మూడో ప్రశ్నకి నవ్వితే ఇంకో సెంటర్ చూసుకోండి. డబ్బుంటే ప్రైవేట్ గైడ్‌తో రెండో డైవ్ తీసుకోండి. గేరుతో కలిపి నాకు గుంపు డైవ్ ఎనభై యూరోలకి దగ్గరగా పడింది, ప్రైవేటుది దానికి రెట్టింపు చెప్పారు, ఇంకోసారి వెళ్తే అదే ఇస్తాను.

స్నార్కెలింగ్ వద్దు. పన్నెండు మీటర్ల పైనుంచి చూస్తే నీడలు తప్ప ఏమీ లేదు. మా ఆవిడ పడవలో నాతో వచ్చి, ముసుగు పెట్టుకుని రెండు నిమిషాలు కిందికి చూసి, చలికి వణుకుతూ పైకెక్కేసింది. “ఈ డబ్బుకి హమెయోస్ దెల్ ఆగ్వాకి వెళ్ళుంటే బాగుండేది” అంది. మర్నాడు వెళ్ళాం కూడా. లావా సొరంగంలో ఈ దీవి కళాకారుడు సెసార్ మన్రీకే తీర్చిదిద్దిన చోటు అది, లోపలి ఉప్పునీటి మడుగులో తెల్లటి గుడ్డి పీతలుంటాయి. డైవ్ చేయని కుటుంబానికి అది చాలా మెరుగైన టికెట్. కారు ఉంటే అక్కడి నుంచి ఓర్జోలా రేవు దగ్గరే, చేపల భోజనం కూడా అక్కడే బాగుంటుంది.